ఏ పేజీ ఉండాలో, ఏది పోవాలో అప్లికేషన్ చెప్పగలదా? లినక్స్ మెమరీ రీక్లెయిమ్‌పై మనకున్న పట్టు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 16 జీబీ ర్యామ్ ఉన్న లినక్స్ సర్వర్‌లో మీ సర్వీసు సుమారు 7 జీబీ వాడుకుంటోంది. రాత్రి 2 గంటలకు మొదలయ్యే బ్యాకప్ (మీరు రాయని బయటి ప్రోగ్రాం) తెల్లవారుజాము దాకా నడుస్తుంది. పొద్దున్నే వాడకం మొదలైనప్పుడు మొదటి కొన్ని నిమిషాలు సర్వీసు ఈడుస్తోంది, అదే సమయంలో మెమరీ లెక్కలు చూపే ‘వీఎమ్‌స్టాట్’లో స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కు మీద వాడే చోటు) నుంచి లోపలికి వచ్చే పేజీల (మెమరీలోని చిన్న ముక్కల) అంకె ఎగబాకుతోంది. దీనికి విరుగుడుగా స్వాప్ వైపు ఎంత మొగ్గాలో చెప్పే స్వాపినెస్ అమరికను సున్నా చేయడమో, ‘ఎమ్‌లాక్‌ఆల్’తో సర్వీసు మొత్తాన్ని ర్యామ్‌లో కట్టిపడేయడమో సరిపోతుందా అని అడిగారు. అంతకంటే మౌలికంగా, మెమరీని వెనక్కి లాక్కునేటప్పుడు (దీన్నే రీక్లెయిమ్ అంటారు) కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండె, అసలు అప్లికేషన్ మాట వింటుందా, వింటే పూర్తి అధికారం ఎందుకు ఇవ్వరు అని కూడా అడిగారు.

వింటుంది. అయితే ‘ఇది నాకు అక్కర్లేదు’ అని మీరు చెబితే దాదాపు పూర్తిగా వింటుంది, ‘ఇది నాకు కావాలి’ అని చెబితే షరతులు పెట్టి వింటుంది. ఈ తేడా యాదృచ్ఛికం కాదు. మెమరీ అందరి సొత్తు కాబట్టి, వదులుకునేవాడిని కెర్నల్ అనుమానించనక్కర్లేదు గానీ పట్టుకుని కూర్చునేవాడిని అనుమానించి తీరాలి. మీ రెండు ఆలోచనలూ రెండో తరహావి. నా సలహా మొదటి తరహాలో ఉంటుంది, అందుకు కారణం కింద వివరిస్తాను.

ముందుగా, కెర్నల్‌కు ఏమి తెలుసో చూద్దాం. ఖాళీ మెమరీ ఒక దిగువ గీత కంటే తగ్గగానే ‘కె-స్వాప్-డీ’ అనే నేపథ్య దారం (థ్రెడ్) మేల్కొని, ఎగువ గీత చేరేదాకా పేజీలను వెనక్కి తీసుకుంటుంది. అది అందుకోలేనంత వేగంగా మెమరీ ఖర్చవుతుంటే, మెమరీ అడిగిన ప్రాసెసే ఆగి స్వయంగా రీక్లెయిమ్ చేయవలసి వస్తుంది, దీన్నే డైరెక్ట్ రీక్లెయిమ్ అంటారు. ఎవరి పేజీ తీసుకోవాలన్నది నిర్ణయించడానికి కెర్నల్ దగ్గర ఉన్న ఆధారం చాలా తక్కువ: ఆ పేజీని ఈ మధ్య ఎవరైనా ముట్టుకున్నారా అన్న గుర్తు, ఆ గుర్తును బట్టి నడిచే క్రియాశీల, నిష్క్రియ జాబితాలు (పేజీలు ముందు పోయేది నిష్క్రియ జాబితా నుంచి). 2022 డిసెంబరులో వచ్చిన 6.1 కెర్నల్ నుంచి యూ జావో రాసిన బహుళ తరాల ఎల్‌ఆర్‌యూ (చాలాకాలంగా ముట్టుకోని పేజీని ముందు తీసే పద్ధతి) కూడా అందుబాటులో ఉంది. అది వయసును మరింత సన్నగా కొలుస్తుంది గానీ, కొలిచేది మాత్రం గతాన్నే.

మీ సర్వర్‌లో రాత్రి జరిగేది ఇదే. ఒకసారి మాత్రమే చదివిన ఫైలు పేజీలు నిష్క్రియ జాబితాలోనే మొదలవుతాయి కాబట్టి, బ్యాకప్ చదివి పారేసిన పేజీలే ముందు పోవాలి, చాలావరకు పోతాయి కూడా. కానీ వందల జీబీల ఫైళ్లు గంటల తరబడి ప్రవహిస్తూ, పైగా బ్యాకప్ ప్రోగ్రాం తన సొంత సూచికల కోసం కొంత మెమరీ వాడుకుంటూ ఉంటే, నాలుగైదు గంటలుగా ఎవరూ ముట్టుకోని మీ సర్వీసు పేజీలు కెర్నల్ కంటికి పనికిరానివిగానే కనబడతాయి. ‘ఆరు గంటలకు ఇవి కావాలి’ అన్న సంగతి మీకు తెలుసు, దానికి తెలియదు. అడగనిదే అమ్మైనా అన్నం పెట్టదంటారు కదా, ఇక్కడ ఎలా అడగాలన్నదే ప్రశ్న.

స్వాపినెస్ సంగతి త్వరగా ముగిస్తాను. దాని సహజ విలువ 60. గతంలో గరిష్ఠం 100 ఉండేది, 5.8 కెర్నల్ నుంచి 200 దాకా పెట్టవచ్చు. ఇది స్వాప్‌ను ఆపే మీట కాదు, స్వాప్‌కు పోవలసిన పేజీలకూ ఫైలు పేజీలకూ మధ్య భారం ఎటు మొగ్గాలో చెప్పే త్రాసు. సున్నా పెడితే భారమంతా ఫైలు పేజీల మీద పడుతుంది. మీ ప్రోగ్రాం కోడు, లైబ్రరీలు కూడా ఫైలు పేజీలేనన్న సంగతి చాలామంది మరిచిపోతారు. స్వాప్ అంకె సున్నాగా కనబడుతూనే సర్వర్ తన కోడును తానే డిస్కు నుంచి మళ్లీ మళ్లీ చదువుకుంటూ నలిగిపోవడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను.

ఎమ్‌లాక్‌ఆల్ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే దీనితో నేనే ఒకసారి చెయ్యి కాల్చుకున్నాను. పేరు అనవసరమైన ఒక సంస్థలో, సుమారు 400 దారాలు నడిపే ఒక సర్వీసుకు స్పందన సమయం స్థిరంగా ఉండాలని, ఇప్పటి పేజీలతో పాటు ఇకముందు వచ్చే పేజీలకూ తాళం వేసే జెండాలతో (ఫ్లాగులతో) ఎమ్‌లాక్‌ఆల్ పిలిచాను. పరీక్షలో పది దారాలతో అంతా బాగుంది. అసలు సర్వర్‌లో సర్వీసు లేవగానే మెమరీ వాడకం మూడు జీబీలకు పైగా అదనంగా పెరిగింది. కారణం వెతికితే తేలిందేమిటంటే, ఒక్కో దారానికి సహజంగా 8 ఎంబీ స్టాకు కేటాయింపు ఉంటుంది, మామూలుగా అందులో ముట్టుకున్న కొద్ది పేజీలకే నిజమైన ర్యామ్ వస్తుంది, కానీ భవిష్యత్ తాళం ఉన్నప్పుడు కెర్నల్ ఆ 8 ఎంబీ మొత్తాన్నీ అక్కడికక్కడే నింపి తాళం వేస్తుంది. నాలుగు వందల దారాలకు లెక్క వేస్తే 3,200 ఎంబీ. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపినట్టు, ఎవరూ కూర్చోని సీట్లన్నీ నా పేరున ఉన్నాయి, మిగతా ప్రాసెస్‌లు నిలబడి ఊగుతున్నాయి. 4.4 కెర్నల్‌లో వచ్చిన ‘ఆన్‌ఫాల్ట్’ జెండాను జతచేస్తే ముట్టుకున్న పేజీలకే తాళం పడుతుంది, ఆ రోజు నన్ను గట్టెక్కించింది అదే.

అందువల్ల ఎమ్‌లాక్ (ఎమ్‌లాక్‌ఆల్ ఈ కుటుంబంలోదే) వాడవద్దని నేను అనడం లేదు. డిస్కు మీద జాడ మిగలకూడని రహస్య తాళపుచెవులకు, ఒక్క పేజీ ఫాల్టుకు (ర్యామ్‌లో లేని పేజీ వచ్చేదాకా ఆగడానికి) కూడా సమయం లేని రియల్‌టైమ్ ఆడియో వంటి పనులకు అదే సరైన సాధనం. సాధారణ ప్రాసెస్‌కు దీని పరిమితి చాలాకాలం 64 కేబీ మాత్రమే ఉండి, 5.16 కెర్నల్‌లో 8 ఎంబీకి పెరిగిందంటేనే, కెర్నల్ రాసినవారు దీన్ని ఎంత చిన్న అవసరానికి ఉద్దేశించారో తెలుస్తుంది. ఫోర్క్‌తో (ప్రాసెస్ తన నకలును సృష్టించే పిలుపుతో) పుట్టిన ప్రాసెస్‌కు ఈ తాళం సంక్రమించదన్నది కూడా గుర్తుంచుకోండి. 7 జీబీ సర్వీసును ఇలా కట్టేస్తే, మెమరీ నిజంగా కటకటలాడిన రోజున కెర్నల్‌కు వెనక్కి తీసుకోవడానికి ఏమీ దొరకక, చివరి అస్త్రంగా ఎవరినో ఒకరిని చంపవలసి వస్తుంది, అందరికంటే లావుగా కనబడే మీ సర్వీసే ఆ ఒక్కరు అయ్యే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు ‘అక్కర్లేదు’ అని చెప్పే మార్గాలకు వద్దాం. వీటిలో ప్రధానమైనది ‘ఎమ్‌అడ్వైజ్’ అనే సిస్టమ్ కాల్ (ప్రోగ్రాం కెర్నల్‌ను అడిగే పిలుపు). పేరుకు సలహాయే గానీ, ఇందులోని కొన్ని సలహాలు ఆజ్ఞలకంటే కఠినంగా అమలవుతాయి. ‘డోంట్‌నీడ్’ అంటే, లినక్స్‌లో ఆ పేజీలు ఆ క్షణమే పోతాయి. ప్రైవేటు అనామక మెమరీ (ఏ ఫైలుకూ చెందని, ప్రాసెస్ సొంత మెమరీ) అయితే ఆ తర్వాత చదివినప్పుడు సున్నాలు వస్తాయి. ‘ప్రస్తుతానికి అక్కర్లేదు, ఉంటే ఉండనీ’ అన్న భావంతో దీన్ని పిలిచి, డేటా పోగొట్టుకుని, లోపం ఎక్కడుందో తెలియక రోజుల తరబడి వెతికినవారున్నారు.

ఆ మృదువైన భావానికి 2016లో, 4.5 కెర్నల్‌లో, ‘ఫ్రీ’ అనే సలహా వచ్చింది. బీఎస్‌డీ వ్యవస్థల్లో ఇది అంతకు చాలా ముందునుంచే ఉంది. దీనితో పేజీలు వెంటనే పోవు, మెమరీ ఒత్తిడి వచ్చినప్పుడే పోతాయి. ఈలోపు మీరు ఆ పేజీలో మళ్లీ రాస్తే, వదులుకోవడం రద్దయి పేజీ మీదే అవుతుంది. పని తక్కువ, లాభం ఎక్కువ అనిపిస్తుంది. కానీ ఆచరణలో ఒక చిక్కుంది: వదులుకున్న పేజీలు కూడా, కెర్నల్ నిజంగా తీసుకునేదాకా, ప్రాసెస్ ఆర్‌ఎస్‌ఎస్ (ర్యామ్‌లో ఉన్న దాని పేజీల మొత్తం) లెక్కలోనే ఉంటాయి. గో భాష 1.12 వెర్షన్‌లో, అంటే 2019లో, తన హీపును (నడుస్తుండగా కేటాయించుకునే మెమరీని) తిరిగి ఇవ్వడానికి ఈ సలహాకు మారింది. ఫలితంగా మెమరీ వాడకం తగ్గినా ఆర్‌ఎస్‌ఎస్ తగ్గినట్టు కనబడక, లీకు ఉందేమోనని జనం కంగారుపడ్డారు. చివరికి 2021లో 1.16 వెర్షన్ మళ్లీ డోంట్‌నీడ్‌కే తిరిగివెళ్లింది. సాంకేతికంగా మెరుగైన పద్ధతి, కొలతలో కనబడకపోవడం వల్ల వెనక్కి తగ్గిన సందర్భం ఇది, నాకు ఇప్పటికీ కాస్త విచారంగానే ఉంటుంది.

మీరు స్వయంగా చూడాలంటే, ఒక చిన్న సీ ప్రోగ్రాంలో 1 జీబీ కేటాయించి, ప్రతి పేజీలోనూ ఒక బైటు రాసి, ఫ్రీ సలహా ఇచ్చి, ప్రోగ్రాంను నిద్రపుచ్చండి. ‘టాప్’లో ఆర్‌ఎస్‌ఎస్ 1 జీబీ దగ్గరే ఉంటుంది. ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ కింద ఉండే ‘ఎస్‌మ్యాప్స్’ ఫైలు తెరిస్తే మాత్రం, ఆ ప్రాంతానికి ఎదురుగా ‘లేజీఫ్రీ’ అనే వరుసలో దాదాపు అంతే అంకె కనబడుతుంది. ఇప్పుడు మరో ప్రోగ్రాంతో మిగతా ర్యామ్ నింపితే ఆ వరుస కరిగిపోవడం కళ్లారా చూడవచ్చు.

దీన్ని ‘అవసరమైతే పారేయదగిన క్యాష్’గా వాడుకోవచ్చా అంటే, వాడుకోవచ్చు గానీ జాగ్రత్త కావాలి. ఆపిల్ వారి మ్యాక్ వ్యవస్థలో పర్జబుల్ మెమరీ అని, విండోస్ 8.1 నుంచి ఆఫర్, రీక్లెయిమ్ అనే జంట ఫంక్షన్లని ఉన్నాయి. వాటిలో మెమరీని తిరిగి అడిగినప్పుడు, లోపలి డేటా బతికుందో పోయిందో వ్యవస్థే చెబుతుంది. లినక్స్‌లో అటువంటి సౌకర్యం కోసం చర్చలు చాలా జరిగాయి గానీ, ‘అస్థిర ప్రాంతాలు’ అన్న ఆ ప్రతిపాదన ప్రధాన కెర్నల్‌లోకి చేరలేదు. కాబట్టి ఆ పని మీరే చేసుకోవాలి: ప్రతి 4 కేబీ పేజీలోనూ సున్నా కాని గుర్తు ఒకటి ఉంచి, తిరిగి వాడుకునే ముందు ఆ గుర్తును అటామిక్ పోల్చి-మార్చే ఆదేశంతో వేరే విలువకు మార్చండి. మార్పు నెగ్గితే డేటా బతికుంది, పైగా ఆ రాతతోనే పేజీ మళ్లీ మీదైంది. ముందు చదివి, తర్వాత రాస్తే మాత్రం ఆ రెండింటి మధ్య సందులో పేజీ పోవచ్చు.

పారేయకూడదు గానీ ఇప్పట్లో అక్కర్లేదు అనుకునే డేటాకు 5.4 కెర్నల్‌లో మరో రెండు సలహాలు వచ్చాయి. ‘కోల్డ్’ అంటే ఈ పేజీలను రీక్లెయిమ్ వరుసలో ముందుకు జరపమని, ‘పేజవుట్’ అంటే ఇప్పుడే బయటికి పంపేయమని అర్థం. రెండింటిలోనూ డేటా భద్రంగా ఉంటుంది. వీటిని గూగుల్‌కు చెందిన మిన్‌చన్ కిమ్ ప్రధానంగా ఆండ్రాయిడ్ కోసం రాశారు. ఫోనులో మీరు ఒక యాప్‌నుంచి బయటికి వచ్చిన క్షణం యాక్టివిటీ మేనేజర్‌కు తెలుస్తుంది, కెర్నల్‌కు తెలియదు. ఆ తెలిసినవాడు తెలియనివాడికి చెప్పే మార్గం కావలసి వచ్చింది. కానీ యాప్ తన గురించి తాను చెప్పుకునేదాకా ఆగలేం కనుక, ఒక ప్రాసెస్ మరో ప్రాసెస్ తరఫున సలహా ఇచ్చే ‘ప్రాసెస్‌ఎమ్‌అడ్వైజ్’ 5.10లో చేరింది. ఇతరుల తరఫున డేటాను చెరిపేసే సలహాలను అందులోకి రానివ్వకుండా, మొదట కోల్డ్, పేజవుట్‌లకే తలుపు తెరవడం గమనించదగినది. ఒకటి గుర్తుంచుకోండి: స్వాప్ గానీ జెడ్‌ర్యామ్ (ర్యామ్‌లోనే కుదించి దాచే స్వాప్) గానీ లేని యంత్రంలో అనామక పేజీలకు పేజవుట్ చెప్పినా, అవి వెళ్లడానికి చోటు లేదు కనుక ఏమీ జరగదు.

ఫైళ్లకు ఇదే భావాన్ని ‘ఫ్యాడ్వైజ్’ మోస్తుంది. మీ బ్యాకప్ ప్రోగ్రాం మీరు రాసినదే అయితే, చదివిన ప్రతి భాగం తర్వాత ఫ్యాడ్వైజ్ డోంట్‌నీడ్ పిలవడం మంచి పద్ధతి. డిస్కుకు ఇంకా చేరని మురికి పేజీలను అది వదిలించలేదు కాబట్టి, రాసే ఫైళ్లకు ముందు సింక్ చేయాలి, అంటే డిస్కుకు రాయించాలి. అలాగే మీ సర్వీసు అదే ఫైలును ‘రీడ్’తో చదువుతూ ఉంటే, దానికి పనికొచ్చే క్యాష్‌ను కూడా బ్యాకప్ ఊడ్చేసే ప్రమాదం ఉంది.

ఇదంతా కోడు మార్చగలిగినవారికి. మీ బ్యాకప్ బయటి ప్రోగ్రాం అన్నారు కాబట్టి, మీకు నేను సూచించేది సీగ్రూప్ (ప్రాసెస్‌లను గుంపులుగా చేసి హద్దులు పెట్టే కెర్నల్ సదుపాయం) రెండో వెర్షన్. ఇక్కడ నాలుగు గీతలున్నాయి. ‘మెమరీ.మిన్’ కింద ఉన్నంతవరకు ఆ గుంపు పేజీలను కెర్నల్ ముట్టుకోదు. ‘మెమరీ.లో’ కింద ఉంటే, ఇంకెక్కడా దొరకనప్పుడే ముట్టుకుంటుంది. ‘మెమరీ.హై’ దాటితే ఆ గుంపు తన పేజీలను తానే వదులుకోవాలి, అందుకోసం దాని వేగాన్ని కెర్నల్ తగ్గిస్తుంది గానీ చంపదు. ‘మెమరీ.మ్యాక్స్’ దగ్గర మాత్రం, రీక్లెయిమ్ కుదరకపోతే, ఆ గుంపులోనే ఎవరినో చంపుతుంది.

ఇక్కడ మీకు పనికొచ్చే కీలకం ఏమిటంటే, ఒక ఫైలు పేజీ ఎవరి ఖాతాలో పడుతుందన్నది దాన్ని మొదట లోపలికి తెచ్చిన గుంపును బట్టి ఉంటుంది. కనుక బ్యాకప్‌ను ప్రత్యేక గుంపులో ఉంచి, దాని హై గీతను 1 జీబీ దగ్గర పెడితే, అది ఎన్ని వందల జీబీలు చదివినా, తన పాత పేజీలను తానే పారేసుకుంటూ ఆ 1 జీబీలోనే తిరుగుతుంది. మీ సర్వీసు దాకా ఒత్తిడి రాదు. మీ సర్వీసును కాపాడటం కంటే బ్యాకప్‌కు కట్టు వేయడమే మేలంటున్నది ఇందుకే: ఎవరి పేజీలు మళ్లీ అక్కర్లేదో ఇక్కడ మీకు నిస్సందేహంగా తెలుసు. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ యూనిట్ ఫైలులో ‘మెమరీహై’ అన్న ఒక్క వరుసతో ఇది అయిపోతుంది. గీతను మరీ కిందికి, 100 ఎంబీ వంటి చోటికి లాగితే బ్యాకప్ మధ్యాహ్నం దాకా సాగుతుంది, అంత పిసినారితనం వద్దు.

దాని తర్వాత కూడా అవసరమనిపిస్తే, మీ సర్వీసుకు లో గీత 6 జీబీ దగ్గర పెట్టండి. ఇందులో చాలామంది పడే గొయ్యి ఒకటుంది. పిల్ల గుంపుకు దక్కే రక్షణ తల్లి గుంపుకు ఉన్న రక్షణను మించదు. మీ సర్వీసు ‘సిస్టమ్.స్లైస్’ అనే తల్లి గుంపు కింద ఉండి, ఆ స్లైస్‌కు లో విలువ సున్నాగా ఉంటే, మీరు రాసిన 6 జీబీ కాగితం మీదే మిగిలిపోతుంది, హెచ్చరిక కూడా రాదు. కనుక స్లైస్‌కు కూడా కనీసం అంత విలువ ఇవ్వాలి. మిన్ జోలికి మాత్రం వెళ్లవద్దంటాను, అది దాదాపు ఎమ్‌లాక్ అంత మొండిది.

ఇంతవరకు చెప్పినవన్నీ మనం కెర్నల్‌కు చెప్పేవి. కెర్నల్ మనకు చెప్పేది కూడా ఒకటుంది. 2018 డిసెంబరులో వచ్చిన 4.20 కెర్నల్‌తో పీఎస్‌ఐ అనే ఒత్తిడి కొలమానం చేరింది, దీన్ని ఫేస్‌బుక్‌లో పనిచేస్తున్న యోహానెస్ వైనర్ రాశారు. ఖాళీ మెమరీ ఎంత ఉందన్నది కాక, మెమరీ కోసం పనులు ఎంత సమయం ఆగిపోయాయన్నది ఇది చెబుతుంది. ప్రాక్‌లో ప్రెషర్ డైరెక్టరీ కింది మెమరీ ఫైలులో ‘సమ్’ (some) వరుస కనీసం ఒక పని ఆగిన సమయాన్ని, ‘ఫుల్’ వరుస పనులన్నీ ఒకేసారి ఆగిన సమయాన్ని, గత 10, 60, 300 సెకన్ల సగటు శాతాలుగా చూపిస్తాయి. 5.2 నుంచి ఇదే ఫైలులో ‘ఒక సెకనులో 150 మిల్లీసెకన్లు ఆగితే నన్ను లేపు’ అని రాసి, పోల్ అనే పిలుపుతో ఎదురుచూడవచ్చు. ఆండ్రాయిడ్‌లో యాప్‌లను ఎప్పుడు ముగించాలో నిర్ణయించే ఎల్‌ఎమ్‌కేడీ కూడా ఈ సంకేతం మీదే ఆధారపడుతుంది. మీ సర్వీసులో సొంత క్యాష్ ఉంటే, ఈ సంకేతం రాగానే అందులోని పాతవాటిని మీరే వదిలేయడం, కెర్నల్ గుడ్డిగా తీయడం కంటే ఎప్పుడూ చవక, ఎందుకంటే ఏ ఎంట్రీ మళ్లీ కావాలో మీకు తెలుసు.

‘మరి పూర్తి అధికారం ఎందుకు ఇవ్వరు?’ అన్న మీ చివరి మాటకు క్లుప్తంగా చెబుతాను. డేటాబేస్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ బఫర్ విధానం నప్పదని డేటాబేస్ పరిశోధకుడు మైకేల్ స్టోన్‌బ్రేకర్ 1981లోనే రాశారు. మ్యాక్ (Mach, పైన చెప్పిన ఆపిల్ మ్యాక్ కాదు) మైక్రోకెర్నల్ యూజర్ స్థాయి పేజర్లను (పేజీలను తెచ్చిపెట్టే ప్రోగ్రాంలను) అనుమతించింది. లినక్స్‌లో 4.3 నుంచి ‘యూజర్‌ఫాల్ట్‌ఎఫ్‌డీ’తో పేజీ ఫాల్టును ప్రోగ్రామే అందుకోవచ్చు. అంటే పేజీని ఎలా నింపాలన్న అధికారం ఇస్తారు, పెద్ద డేటాబేస్‌లు డైరెక్ట్ ఐఓతో పేజీ క్యాష్‌ను దాటి వెళ్లనిస్తారు. కానీ మెమరీ అయిపోతున్న క్షణంలో ఎవరి పేజీ పోవాలన్న తుది తీర్పును ప్రోగ్రాం చేతిలో పెడితే, ఆ ప్రోగ్రాం జవాబివ్వడానికే మెమరీ కావలసి వచ్చి మొత్తం వ్యవస్థ ఆగిపోవచ్చు.

మీరు ఈ రాత్రి చేయవలసింది ఒక్క మార్పే: బ్యాకప్ యూనిట్‌కు మెమరీహై 1 జీబీ. ముందుగా ఈరోజు పొద్దున ఆరు గంటలప్పటి ‘వీఎమ్‌స్టాట్’ అంకెలు దాచుకోండి, రేపు అదే సమయానికి మీ సర్వీసు గుంపులోని ‘మెమరీ.ప్రెషర్’ ఫైలునూ ‘మెమరీ.స్వాప్.కరెంట్’ అంకెనూ చూసి ఇక్కడ పెట్టండి. స్వాప్‌లో ఉన్న పరిమాణం అప్పటికీ తగ్గకపోతే, లో గీత విషయం తల్లి గుంపు విలువతో కలిపి మళ్లీ చూద్దాం.